పక్క మంచం చెప్పిన అంకె

మహిమను ఎప్పుడడిగినా ఒకటే అంకె చెప్పేది. రెండు.

పొద్దున ఆరుకు మొదలైన పరుగు ఏడున్నరకు ముగిసేసరికి మిగతా అమ్మాయిలు మైదానం ఎర్రమట్టిలో వెల్లకిలా పడి ఆయాసపడేవారు. మహిమ మాత్రం నడుం మీద చేతులు వేసుకుని నిలబడేది. మధులత ట్యాబు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఎంత?" అని అడిగేది. ఒకరు ఏడనేవారు, ఒకరు ఎనిమిదనేవారు. పరుగులో కన్నా ఆపసోపాల్లో ఆరితేరిన శివలీల అయితే పన్నెండనేది, పదికి మించి అంకె లేదని ఎన్నిసార్లు చెప్పినా సరే. మహిమ వంతు వచ్చేసరికి, "రెండు మేడం." గడ్డం మీదినుంచి చెమట ధారగా కారుతుండేది. ఛాతీకి కట్టిన బెల్టేమో, గుండె నిమిషానికి నూట ఎనభై ఎనిమిది సార్లు కొట్టుకుందని చెబుతుండేది. నోరు మాత్రం రెండు దాటేది కాదు.

కర్నూలు ఊరి చివర ఉన్న ఆ అమ్మాయిల క్రీడా హాస్టలుకు మధులత వచ్చి ఆరు నెలలైంది. సొంతూరు బద్వేలు. నాన్నకు నిమ్మతోటలు, అన్నకు లారీలు. ఈమె మాత్రం ఉత్తరాదికి పోయి ఆటల శాస్త్రం చదివి వచ్చింది. ఉద్యోగం వచ్చిందని చెబితే వాళ్ళ అవ్వ సుబ్బరత్నమ్మ, "ఏం పని మే అది?" అని అడిగింది.

"ఆడే పిల్లోళ్ళు ఎంత కష్టపడతాండారో కొలిచే పని అవ్వా."

"కష్టాన్ని ఏం పెట్టి కొలుస్తావు? శేరుతోనా, తక్కెడతోనా?" అని అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. మధులతకు ఒళ్ళు మండింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఆమె ఇప్పటికీ మనసులో నూరుకుంటూనే ఉంది.

నిజానికి జవాబు తేలికే. పరుగు ఎన్ని నిమిషాలు సాగిందో గడియారం చెబుతుంది. అది ఎంత కష్టమనిపించిందో పరుగెత్తినవాళ్ళు సున్నా నుంచి పదిలోపు ఒక అంకెగా చెప్పాలి. రెంటినీ గుణిస్తే ఆ రోజు ఒంటిమీద పడిన బరువు వస్తుంది. అరవై నిమిషాల పరుగు, అంకె ఏడు అయితే నాలుగు వందల ఇరవై. వారమంతా కూడితే ఎవరికి పరుగు పెంచాలో, ఎవరిని కాస్త ఆపాలో తేలిపోతుంది. దేశదేశాల్లో వాడే పద్ధతే ఇది. మధులత సామాన్ల గది గోడకు ఒక పటం కూడా అంటించింది. సున్నా దగ్గర హాయిగా పడుకున్న బొమ్మ, పది దగ్గర నాలుక బయటపెట్టిన ఎర్ర బొమ్మ. దాని కింద ఆమే తన చేత్తో రాసింది: 'నీ జన్మలో ఇంతకన్నా కష్టం ఎరగవు.'

కోచ్ నరసింహ మొదట్లో ఆ పటాన్ని చూసి మూతి విరిచాడు. ముప్పై ఏళ్ళు ఒక ఈలతో, రెండు కళ్ళతో నెట్టుకొచ్చిన మనిషి. అయితే సుజన అనే పిల్ల మడమ నొప్పిని ఆ లెక్క రెండు వారాల ముందే పసిగట్టడంతో ఆయన మనసు మారింది. మారడమంటే అలా ఇలా కాదు, పిల్లల ముఖాలు చూడటం మానేసి ట్యాబు చూడటం మొదలుపెట్టాడు. "ఏమ్మా, కాగితం ఏమంటాంది?" అన్నదే ఆయన పొద్దుటి పలకరింపు అయింది. ట్యాబును ఆయన కాగితమనే అనేవాడు.

కాగితం మహిమ గురించి ఏమనేదంటే, ఈ పిల్ల మీద బరువే పడటం లేదు, పెంచండి అనేది. పెంచారు. వారానికి నలభై కిలోమీటర్లున్న పరుగు యాభై అయింది, యాభై కాస్తా అరవై రెండయింది. అయినా మహిమ రెండనే అనేది. పైగా ఆగస్టులో నాలుగు నిమిషాల నలభై ఐదు సెకన్లలో ముగించిన పదిహేను వందల మీటర్లకు అక్టోబరు వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టసాగింది.

"ఆ పిల్ల ఒళ్ళు దాపెట్టుకుంటాంది" అన్నాడు నరసింహ. "నోరు రెండంటాంది, టైము చూస్తే పడిపోతాంది. సోమరితనం కాకపోతే ఏంది? దసరా సెలవులైనాంక రాష్ట్ర పోటీలకు పేర్లు పంపాల. దాంట్లో పేరు లేకుంటే హాస్టల్లో సీటు ఇంగొకరికి ఇయ్యాల్సిందే. నేనేం చేసేదమ్మా?"

పేర్లు పంపడానికి మూడు వారాలే ఉంది.

మధులతకు ఆ రెండు అంకె పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. గుండె ఒకటి చెబుతోంది, నోరు ఒకటి చెబుతోంది. రెంటిలో ఏదో ఒకటి అబద్ధం. బెల్టు మార్చి చూసింది, గుండె అంతే కొట్టుకుంది. ఆ బెల్టునే సుజనకు కట్టి చూసింది, సుజన నోరూ గుండే ఒకే మాట మీదున్నాయి. చివరికి మహిమనే పిలిచి కూర్చోబెట్టింది.

"భయపడి చెప్తాండావా?"

"లేదు మేడం. పటంలో ఏముందో చదువుకోనే చెప్తాండా" అంది మహిమ తల వంచుకుని.

"కాళ్ళు నొప్పులేమన్నా ఉండాయా?"

"ఏం లేవు మేడం."

దసరా సెలవులకు పిల్లలంతా ఊళ్ళకు బయలుదేరారు. మహిమది ఆలూరు దాటి ఎనిమిది కిలోమీటర్లు పోతే వచ్చే చిన్న ఊరు. మధులత ఆమె చేతికి ఒక నల్లటి పట్టీ తొడిగింది. అది రాత్రీ పగలూ నాడి లెక్కపెట్టి, మహిమ ఫోను ద్వారా ఇక్కడి ట్యాబుకు చేరవేస్తుంది.

"స్నానానికి తప్ప దీన్ని తీయొద్దు. నువ్వు యాడున్నా ఏం చేస్తాండావో నాకు ఈడ కనపడతాంటాది" అని నవ్వుతూ అంది. మనం నవ్వుతూ అన్న మాట అవతలివాళ్ళకు నవ్వులాగే వినపడాలని ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

శుక్రవారం గీత బుద్ధిగా నేలబారుగా సాగింది. ఆ రాత్రి నిద్రలో మహిమ నాడి యాభై రెండు, ఎప్పుడూ ఉండేదే. శనివారం పొద్దున ఆరింటికి మాత్రం గీత ఒక్కసారిగా లేచింది. నూట ఇరవై, నూట ముప్పై, మళ్ళీ నూట ఇరవై. ఏడైంది, ఎనిమిదైంది, పదకొండైంది, గీత దిగలేదు. మధ్యాహ్నం రెండు దాటాక గానీ కిందికి రాలేదు. పరుగెత్తుతోందా అంటే, ఎనిమిది గంటల్లో వేసిన అడుగులు తొమ్మిది వందలు కూడా లేవు. కదలకుండా ఉన్న మనిషికి గుండె అంతసేపు అంత ఎందుకు కొట్టుకుంటుంది? జ్వరమా? నాడి లెక్కన బరువు కట్టి చూస్తే, హాస్టల్లో మూడు రోజుల సాధనకు సమానమైంది ఆ ఒక్క పూట.

ఆదివారం గీత మళ్ళీ పడుకుంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా చిన్న చిన్న అలలు మాత్రం కనిపించాయి. చర్చి గుళ్ళో పాటలు, చప్పట్లు అయివుంటాయని ఊహించింది. సోమవారం ఆరింటికి తిరిగి ఎనిమిది గంటల కొండ లేచింది. అన్నిటికన్నా వింత ఇంకొకటి: శనివారం నుంచి నిద్రలో నాడి యాభై రెండు కాదు, అరవై ఎనిమిది. ఒక మనిషి గుండె ఒక్క రోజులో ఇంత మారిపోతుందా?

నరసింహకు ఫోను చేసి చెబితే, "బండలాగుడు ఎద్దుకు గూడా అంతసేపు అంత కొట్టుకోదు. మిషను చెడిపోయింటాది" అని తేల్చేశాడు. మహిమకు చేస్తే ఎత్తలేదు. మంగళవారం పొద్దున్నే మధులత ఆలూరు బస్సు ఎక్కింది. పండగ పూట ఇంటికి రాకుండా ఎక్కడికని వాళ్ళమ్మ ఫోనులో చివాట్లు పెడుతుంటే, "ఒక గుండె తప్పిపోయింది మా, ఎతకను పోతాండా" అని చెప్పి పెట్టేసింది.

ఊళ్ళో గుడి ముందు చిమ్ముతున్న ఏసేపు అనే పెద్దాయన దారి చూపించాడు. "విశ్వాసమ్మ కూతురా? తల్లీబిడ్డా మారెన్న చేన్లో ఉండారు. బుడ్డలు పెరికేకి పోయినారు."

బుడ్డలంటే అక్కడ వేరుశనగ కాయలు. ఇరవై రోజులుగా చినుకు లేక చేను రాయిలా గట్టిపడి ఉంది. ఆరుగురు ఆడవాళ్ళు నడుములు వంచి, సాలు వెంబడి ఒక్కో చెట్టూ పెరుకుతున్నారు. వాళ్ళలో మహిమ లేదు. గట్టున తుమ్మచెట్టు కింద ఒక కాలు చాపుకుని, పెరికిన చెట్ల నుంచి కాయలు తెంపుతోంది. మోకాలి కింద తడిగుడ్డ చుట్టి ఉంది. మధులతను చూడగానే లేవబోయి, మూలిగి, కూలబడింది. ముఖం పాలిపోయింది. మధులత ఆమె రెండు చేతుల వైపూ చూసింది. పట్టీ లేదు.

పట్టీ సాళ్ళలో ఉంది. మట్టిగాజుల పైన, మట్టికొట్టుకుపోయి, విశ్వాసమ్మ చేతికుంది.

"నేనే ఏసుకున్న్యానమ్మా, పాపనేమీ అనాకు" అంది విశ్వాసమ్మ నడుం ఎత్తి, చెమట తుడుచుకుంటూ. "కాలు బాగల్యా, చేన్లోకి రావద్దంటి. రాకుంటే ఆడ మేడంకు సున్నా కనపడతాది, సీటు పోతాది అని ఒగటే ఏడుపు. సరే, ఎవురి చేతికుంటే ఏం, పని జరిగేది కావాల గదా అని నేను తగిలిచ్చుకున్న్యా. రాత్రిపూట గూడా తీయలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మధులతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు రోజులుగా తాను తల బద్దలుకొట్టుకున్న గుండె ఇదన్నమాట! అయినా చదువుకున్న బుద్ధి ఊరుకుంటుందా? ట్యాబు తీసి, సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో వివరంగా చెప్పి, "ఇప్పుడు చేస్తాండే ఈ పని ఎంత విశ్వాసమ్మా?" అని అడిగింది.

విశ్వాసమ్మ తేలిగ్గా తీసుకోలేదు. తల ఒక పక్కకు వంచి బాగా ఆలోచించింది.

"రెండేసుకోమ్మా."

అదే గొంతు, అదే తల వంపు. మధులత ఆ అంకె వేయకుండా ట్యాబు దించింది.

"మరి పది అంటే ఏంది నీకు?"

"పదా? అది అట్లనే పెట్టుకోవాల గదమ్మా. ఉండేదంతా ఈ పొద్దే చెప్పేస్తే, రేపు ఇంతకన్నా కష్టమొస్తే ఏం చెప్పేది?"

మధులత పట్టీ అడిగి తీసుకుని, తన చేతికి తొడుక్కుని సాల్లోకి దిగింది. మొదటి చెట్టు మొదలంటా తెగి చేతికొచ్చింది, కాయలు భూమిలోనే ఉండిపోయాయి. విశ్వాసమ్మ ఇనప ముక్కతో మట్టి ఎట్లా పెల్లగించాలో, ఎట్లా పట్టి లాగాలో చూపించింది. పదిహేను నిమిషాలకు మధులత సగం సాలు దాటలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం ఇక లేవనంది. నాడి నూట అరవై నాలుగు చూపిస్తోంది.

"ఎంతమ్మా?" అంది విశ్వాసమ్మ, నవ్వాపుకుంటూ.

తొమ్మిది అనడానికే మధులత నోరు తెరిచింది. ఎదురుగా పొద్దున ఆరింటి నుంచి వంగి ఉన్న ఆరు నడుములు కనిపించాయి. వాళ్ళ ముందు పదిహేను నిమిషాల పనికి తొమ్మిది అని ఎట్లా అనడం? సిగ్గుతో నాలుక మడతపడింది.

"మూడు" అంది.

అన్నాక తన మాట తన చెవినే పడి ఆమె నిలువునా ఆగిపోయింది. తాను చెప్పింది పచ్చి అబద్ధం. అయినా చెప్పేసింది. మరి మహిమ? ప్రతి పొద్దునా మైదానంలో ఎవరిని కళ్ళముందు నిలుపుకుని ఆ పిల్ల రెండంటోంది? తాను గోడకు అంటించిన పటంలో 'నీ జన్మలో' అని రాసి ఉంది. ఆ పిల్ల నిజాయితీగా తన జన్మంతా వెతికి, ఈ చేను దగ్గరికి వచ్చి ఆగింది. తనకన్నా ముందు తల్లి ఇక్కడ నిలబడి ఉంది కాబట్టి, పెద్ద అంకెలన్నీ తల్లికే వదిలి, మిగిలిన ఆ చిన్న అంకె మహిమ తీసుకుంది.

"అమ్మ చెప్పేది అబద్ధం మేడం" అని గట్టు మీదినుంచి మహిమ గట్టిగా అరిచింది. ఆ పిల్ల అంత గొంతు పెంచడం మధులత ఎన్నడూ వినలేదు. "రాత్రి ముద్ద కలుపుకోను వేళ్ళు ముడుచుకోవు ఆయమ్మకు. నేనే తినిపిస్తాండా. తొమ్మిది ఏసుకోండి."

విశ్వాసమ్మకు రోషమొచ్చింది. "నాది చెప్తావా మే? మరి నీదెవురు చెప్పాల? వచ్చినప్పటి నుంచి కాలు కింద పెడితే పండ్లు కొరుక్కుంటాండావు. నిద్దర్లో మూలుగుతాండావు. తొమ్మిదిన్నర ఏసుకోమ్మా ఈ పాపది!"

అంతే, చేనంతా సందడైంది. పక్క సాలు ప్రేమమ్మ అంకె వాళ్ళ తోడికోడలు చెప్పింది. తోడికోడలి అంకె ప్రేమమ్మ అంతకన్నా పెంచి చెప్పి కక్ష తీర్చుకుంది. పది నిమిషాల్లో ఆరుగురి అంకెలూ ట్యాబులోకి ఎక్కాయి. ఒక్కరిది కూడా వాళ్ళ నోటినుంచి రాలేదు.

మధులత గట్టెక్కి మహిమ పక్కన కూర్చుంది. తడిగుడ్డ విప్పి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో మెల్లగా నొక్కింది. మహిమ ఎగిరిపడింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎప్పుడు మొదలైంది?"

"అరవై రెండు చేసినప్పుడు మేడం."

ఆ అరవై రెండు చేసింది నరసింహ కాదు, తన లెక్క. కొలిచే పనికి వచ్చి ఎముక మీద బరువు మోపింది తనే. "తప్పు నాది మహిమా" అంది. ఆ పిల్ల దోసెడు పచ్చి కాయలు ఒలిచి ఆమె చేతిలో పోసింది.

కర్నూల్లో ఎక్స్‌రే తీయిస్తే ఎముక మీద వెంట్రుకంత చీలిక కనిపించింది. ఇంకో పది రోజులు ఇలాగే పరుగెత్తించి ఉంటే విరిగేదని, ఆరు వారాలు పరుగు మాటే ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. అంటే రాష్ట్ర పోటీలు లేనట్టే. మహిమ ఆస్పత్రి బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నరసింహ దగ్గరికి మధులత ఎక్స్‌రే తీసుకుని వెళ్ళింది. సోమరితనం కాదని, తన పటమే తప్పుదారి పట్టించిందని, ఆ పిల్ల సీటు పోతే తాను కూడా సర్దుకుని పోతానని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన చాలాసేపు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"మాది ఎర్రగుంట్ల పక్క పల్లె" అన్నాడు చివరికి. "మా నాయన బండలాగుడు ఎద్దుల్ని మేపేవాడు. తెల్లారి లేస్తానే కుడితి తొట్టి చూసేవాడు. ఎద్దు గుక్కెడు కుడితి మిగిలిచ్చినా ఆ పొద్దు బండ కట్టేవాడు కాదు. ఎద్దును అడిగి తెలుసుకున్న్యాడా? చూసి తెలుసుకున్న్యాడు. నేనూ చూసేవాణ్ణే. నీ కాగితం వచ్చినాంక చూసేది మరిచిపోయినా." ఎక్స్‌రే బల్ల మీద పెట్టాడు. "సీటు యాడికీ పోదు. సాధనలో దెబ్బ అని నేను రాసి పంపుతా. నువ్వు ఆ కాగితాన్ని బాగుచెయ్యి."

బాగుచేసింది. గోడమీది పటం చించేసింది. లెక్కలో కొత్తగా ఒక గడి చేరింది: పక్క మంచం అంకె. ప్రతి పిల్ల తన అంకె చెబుతుంది, తర్వాత హాస్టల్లో ఆమె పక్క మంచంలో పడుకునే పిల్ల ఆమె అంకె చెబుతుంది. రెంటికీ తేడా ఎక్కువుంటే మధులత ఆ పిల్లను ఆపి, కూర్చోబెట్టి చూస్తుంది. శివలీల చెప్పే పన్నెండు పక్క మంచం దగ్గర ఐదుకు దిగివచ్చింది. అది తెలిశాక ఆమెకూ పక్క మంచానికీ రెండు రోజులు మాటల్లేవు.

డిసెంబరు మొదటి శనివారం మహిమ మళ్ళీ మైదానంలో దిగింది. పన్నెండు నిమిషాలు మెల్లగా పరుగెత్తింది.

"ఎంత?" అంది మధులత.

"రెండు మేడం."

"ఐదు" అంది పక్క మంచం సుజన, తల కూడా ఎత్తకుండా బూట్లు విప్పుకుంటూ.

మహిమ ఆమె వైపు గుర్రుగా చూసి, "నాలుగు" అంది. మధులత నాలుగున్నర వేసుకుంది.

పరుగెత్తిన సంగతి తల్లికి చెప్పాలని మహిమ మధులత ఫోను అడిగి తీసుకుంది. అవతల విశ్వాసమ్మ చేన్లోనే ఉంది, ఇప్పుడు పత్తి ఏరుతోంది. కూతురు పరుగెత్తిందని విని ప్రభువుకు స్తోత్రం చెప్పింది. కాలు గురించి పదిసార్లు అడిగింది.

"నువ్వెట్ల ఉండావు మా? పని ఎంత?" అంది మహిమ.

"నాకేం పాపా. రెండు."

"పక్కన ప్రేమమ్మత్త ఉండాదా? ఫోను ఆయమ్మకియ్యి."

అవతల గుసగుసలు, వద్దన్న గొంతు, లాక్కున్న చప్పుడు. తర్వాత ప్రేమమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "తొమ్మిది పాపా. మూడు దినాల నుంచి జరం. నీకు చెప్పద్దని నాతో ఒట్టేపిచ్చుకున్న్యాది. కూచోమంటే కూచోదు."

"ఇంటికి పిల్చకపో అత్తా. మేడం చెప్పిందని చెప్పు. మేడంకు ఈడ కనపడతాందని చెప్పు."

ఆ మాట వినగానే మధులత ఫోను అందుకుంది. "అవును ప్రేమమ్మా, నాకు కనపడతాంది. ఇంటికి పిల్చకపోయి పండుకోబెట్టు. ఆస్పత్రికి గూడా తీసుకపో" అంది. ఈసారి నవ్వుతూ అనలేదు.

మరునాడు పొద్దున నరసింహ ట్యాబు చూస్తూ చూస్తూ చివరి వరుస దగ్గర ఆగాడు. అది నిన్న మహిమే ఎక్కించిన వరుస.

"విశ్వాసమ్మ ఎవురమ్మా? ఈ పేరుతో మన హాస్టల్లో పిల్ల ల్యా గదా?"

"లేదు సార్. ఉండనీండి."

ఆయన ఆ వరుసను మళ్ళీ చూశాడు. తన అంకె రెండు, పక్కవాళ్ళ అంకె తొమ్మిది.

"కాగితం ఏమంటాంది?" అన్నాడు మెల్లగా.

"పని ఆపమంటాంది సార్."